ఎర్రనీళ్ల పంచనామా

మా వియ్యంకుడు పోయారన్న కబురు హుస్నాబాద్ నుంచి ఫోన్‌లో వచ్చింది. అవతలి గొంతు నేను ఎరిగినది కాదు.

"నువ్వెవలు? కండ్లార చూసినవా, ఎవలన్న చెప్తే విన్నవా?" అని అడిగాను.

ఆ మనిషి, చావు కబురు చెబితే అయ్యో అంటారనుకుని ఉంటాడు గానీ సాక్ష్యం అడుగుతారనుకుని ఉండడు. చివరికి, "చూసిననమ్మా. నిద్రలనే పోయిండు. నేను గాయన అన్న కొడుకును, పక్కనే ఉన్న," అన్నాడు. అప్పుడు నమ్మాను. నమ్మిన తర్వాత కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

నన్ను రాతిగుండె మనిషిననుకోకండి. ఆ ప్రశ్న నాది కాదు, పోయినాయనదే. "చూసినవా, విన్నవా?" అని ఆయన అడగకుండా వదిలిన కబురు మా రెండిళ్లలోనూ లేదు. తన చావు కబురైనా సరే, ముందు ఆ రెండు ముక్కలూ అడిగి గానీ లోపలికి రానిచ్చేవారు కాదు. కాబట్టి ఆయన తరఫున నేనే అడిగాను. మెచ్చుకునే ఉంటారు.

ఆయన మా కోడలి తండ్రి. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. కల్లు దుకాణాల్లోకి పోయి కుండలో వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, నాలుక కొసన పెట్టి, ఇందులో చెట్టు నుంచి దిగిందెంత, సంచిలోంచి పడిన కల్తీ మందెంత అని తేల్చడం ఆయన ఉద్యోగం. అన్నేళ్లు అనుమానం తిండి పెట్టిన మనిషి, రిటైరైన మర్నాటి నుంచి నమ్మడం మొదలుపెడతాడా? పాలు తెస్తే వాసన చూసేవారు. మిఠాయి డబ్బా ఇస్తే ఇచ్చినవాళ్ల ముందే మూత తీసేవారు. నేనిచ్చిన చాయ్ కప్పును కూడా ముక్కు దాకా తీసుకుపోయి, ఒక్క క్షణం ఆపి, అప్పుడు తాగేవారు.

"అన్నా, అండ్ల విషం ఏమన్న కలిపిననుకున్నవా?" అని ఒకసారి అడిగాను.

"విషం కాదు చెల్లె. చక్కెర ఎక్కువేసినవేమో అని," అన్నారు. నిజంగానే ఎక్కువ వేశాను. అదీ నాకు మంట.

సంబంధం చూడటానికి వచ్చినప్పుడు పెళ్లిపిల్ల తండ్రులు కాస్త తలవంచుకుని కూర్చుంటారు కదా. ఈయన మా గోడ మీద వేలితో కొట్టి చప్పుడు విన్నారు. మంచినీళ్ల కుండలోకి తొంగిచూశారు. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఆఖరుకు ఎప్పుడు అబద్ధమాడినవు బాబూ?" అని అడిగారు. వాడు "నిన్న" అన్నాడు. సంబంధం ఆ మాట మీద కుదిరిందట. తర్వాత తెలిసింది నాకు. అప్పటికి తెలిసిందల్లా, మరో రోజు చెప్పాపెట్టకుండా బస్సు దిగి, మా ఎదుటి చాయ్ దుకాణంలో కూర్చుని మా గురించి ఆరా తీశారని. చాయ్ దుకాణం మనిషి వచ్చి నాకు చెప్పాడు. మళ్లొస్తే మేం మంచివాళ్లమేనని చెప్పమన్నాను. "గది మీరు చెప్పమన్నరని చెప్పాల్నా, వద్దా?" అన్నాడు వాడు.

ఇంత అనుమానించేవాడు తనలో ఏం దాచుకున్నాడో అని నాకు చాలాకాలం అనుమానం. బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినదాన్ని. రాసిన ముక్కలో ఏది కాపీయో, ఏది సొంతమో పసిగట్టడం నాకూ వృత్తే. ఒక ఇంట్లో ఒక్క అనుమానపు మనిషి ఉంటే కాపురం సాగుతుంది. ఇద్దరుంటే వియ్యం అవుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది మా పాత కారు సంగతి. అది ఎనభైల చివర్లో జరిగింది. మా ఆయన సిద్దిపేటలో వకీలు. బెజ్జంకి, హుస్నాబాద్ కక్షిదారులు ఎక్కువ, బస్సుల మీద తిరగలేక ఒక పాత నల్ల కారు కొన్నారు. అమ్మింది సికింద్రాబాద్‌లో ఉండే ఒక మిలిటరీ ఆఫీసరు. ఆయన దాన్ని ఉత్తరాది చలి ప్రాంతాల్లో తిప్పాడట. అందులో ఎందుకో అర్థంకాని మీటలు రెండు ఉండేవి. లాగితే ఏమీ అయ్యేది కాదు. పాత మనిషికి పాత అలవాట్లున్నట్టు, పాత బండికి పాత మీటలు అనుకుని వదిలేశాం.

ఒక వానాకాలం ఆ కారులో ఎడమవైపు, కాళ్ల కింద వేసే పట్టా తడిగా కనిపించడం మొదలైంది. తలుపులు వేసినవి వేసినట్టే ఉంటాయి, అద్దాలు ఎక్కించే ఉంటాయి, తాళం మా దగ్గరే ఉంటుంది. తెల్లారి చూస్తే పట్టా మీద మడుగు. ముందు వాననీళ్లే అన్నాం. వాన వెలిసింది, మడుగు మాత్రం పోలేదు. పైగా ఆ నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎలాంటి ఎరుపంటే, పసుపులో సున్నం కలిపి పిల్లలకు దిష్టి తీసి మూడుదారుల దగ్గర పారబోస్తామే, అచ్చం ఆ ఎరుపు.

మా గల్లీలో దిష్టి తీసే మనిషి ఒకామె ఉండేది. తెల్లవారుజామున ఇళ్ల ముందు పేడనీళ్లు, అంటే సాన్పి, చల్లి ముగ్గేసేది. పిల్లలు పాలు తాగకపోయినా, ఊరికే ఏడ్చినా ఆమెనే పిలిచేవాళ్లు. మేమంతా సాన్పి అవ్వ అనేవాళ్లం. ముందూ వెనకా ఎవరూ లేరు. పొద్దున్నే మా కారు చుట్టూ తిరిగే మొదటి మనిషి ఆమే. ఎర్రనీళ్లు కలిపే మనిషీ ఆమే.

రెండింటినీ కలిపి ముడేసింది మూలమీది కిరాణా సేటు. ఆయన బిడ్డకు జ్వరం తగ్గక అవ్వతో దిష్టి తీయించాడు. అయినా తగ్గలేదు. ఆ కోపం ఒకటి లోపల ఉడుకుతూ ఉంది. అంతలో మా ఆయన బెజ్జంకి నుంచి ముసురులో తిరిగొస్తుంటే కారు రోడ్డు దిగి మడిలోకి పోయింది. నుదురు పగిలి కుట్లు పడ్డాయి. చూడవచ్చిన వాళ్లందరికీ మా ఆయన ఒకటే మాట చెప్పారు. "ఉన్నట్టుండి లోపట అద్దం మీద తెల్లగ పొగ కమ్మింది. తొవ్వ కనవడలేదు."

కోర్టులో ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసిన మనిషికి ఇంట్లో తెలియదు. సేటు అది విని బయటికి పోయి, "తాళమేసిన కారుల ఎర్రనీళ్లు. తొవ్వల పొగ. ఇగ వేరే చెప్పాల్నా? బాణామతి," అన్నాడు.

ఆ మాట ఇప్పటి పిల్లలకు కథలా వినిపిస్తుంది. అప్పుడు మా జిల్లాలో అది కథ కాదు. బాణామతి చేస్తుందన్న పేరు పడితే, మళ్లీ మంత్రం పలకలేకుండా ఆ మనిషి పళ్లు ఊడగొట్టేవాళ్లు. వచ్చే ఆదివారం పదిమందిలో అవ్వను నిలబెట్టి అడుగుతామన్నాడు సేటు. ఆ అడగడం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఇళ్ల ముందు సాన్పి వద్దన్నారు. నేను ఆమెను మా వెనక వసారాలో పడుకోమన్నాను. పడుకునేది కాదు, గోడకానుకుని కూర్చునేది. అన్నం పెడితే తన కుడిచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకునేది.

"టీచరమ్మా, నా చెయ్యి మంచిదేనా? నాకు ఎరుక లేకుంటనే ఏమన్న చేస్తున్ననా?" అంది ఒక పూట.

సేటు అన్నదానికంటే ఆ మాటకే నాకు భయమేసింది. ఊరు అనుమానిస్తే ఊరి నుంచి దాచవచ్చు. తనను తానే అనుమానించుకునే మనిషిని ఏ వసారాలో దాచను?

దెబ్బ తగిలిన బావను చూడటానికి మా వియ్యంకుడు వచ్చింది ఆ ఆదివారం పొద్దునే. బత్తాయిలు తెచ్చారు, వాటిని కూడా కొన్నచోట కోసి రుచి చూసి తెచ్చారు. గుమ్మం ముందు అప్పటికే మనుషులు చేరుతున్నారు. కోడలు గబగబా సంగతంతా చెప్పింది.

"చూసినవా, విన్నవా బిడ్డా?"

"నీళ్లు చూసిన నాయినా. మిగిలిందంత విన్న."

"అయితే నీళ్లకాడికి పోదాం."

కారు తలుపు తీసి, పట్టాను బయటికి లాగి, బట్ట పిండినట్టు పిండారు. ఆ ఎర్రనీళ్లు రెండు వేళ్ల మధ్య రుద్దారు. వాసన చూశారు. నేను వద్దు వద్దంటున్నా నాలుక కొసన పెట్టుకుని, తుపుక్కున ఊశారు. గుమ్మం ముందున్నవాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేశారు. మంత్రించిన నీళ్లు తాగినవాడు ఎప్పుడు పడిపోతాడా అని చూస్తున్నారు.

ఆయన పడిపోలేదు. ముందుకు పోయి బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత తిప్పి, అందులో వేలు పెట్టారు. మళ్లీ అదే రుద్దడం, అదే వాసన. ఆ తర్వాత కట్టు కట్టిన నుదురుతో కుర్చీలో కూర్చున్న మా ఆయన వైపు తిరిగారు.

"బావా, కోపానికి రాకు. రేడియేటర్ల పసుపు ఎవలు పోసిన్రు?"

"పసుపా? నాకేం ఎరుక?"

"వకీలువు గదా, ముందుగాల 'ఎరుకలేదు' అనే అంటవు. అన్నవు. అయిపోయింది. ఇప్పుడు చెప్పు."

మా ఆయన నా వైపు చూశారు, ఆకాశం వైపు చూశారు. "చింతమడక తొవ్వల రేడియేటర్ కారుతుండె. లారీ డ్రైవరొకాయన చెప్పిండు, పసుపు పోస్తే సందులు మూసుకుంటయని. సంచిల పొట్లముండె."

"గందుకేనా, పొట్లం బస్టాండుల జారిపడ్డదన్నరు?" అన్నాను నేను.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ గల్లీలో చాలా రోజుల తర్వాత విన్న నవ్వు అది. సేటు మాత్రం నవ్వలేదు.

"పసుపైతే పచ్చగుండాలె. ఎర్రగెట్లయింది?"

"మీ బోరునీళ్లల్ల సున్నమెంతున్నదో మీ బిందెల అడుగు చూసుకో సేటూ. ఆ సున్నం, ఆ పసుపు, ఇంజను లోపటి తుప్పు, మూడు కలిసి ఉడికినయి."

"సరే. రేడియేటర్ ముందటున్నది. నీళ్లు లోపట, కాళ్లకాడున్నయి. నడుమ ఇనుప గోడ. తలుపులకు తాళం. గోడ దాటి ఎట్లొచ్చినయి? గది చెప్పు."

సేటు తెలివితక్కువవాడు కాదు. సరైన ప్రశ్నే అడిగాడు. మా వియ్యంకుడు కూడా ఆ ప్రశ్నకు సంతోషించినట్టే కనిపించారు.

"చెప్తే నువ్వు విన్నట్టయితది. చూడు. నువ్వే మొదటి పంచు," అన్నారు.

కల్లు దుకాణం పట్టుకున్నప్పుడు ఊళ్లోని నలుగురైదుగురు పెద్దమనుషులను పంచులుగా నిలబెట్టి, వాళ్ల కళ్ల ముందు సీసా తెరవడం, సీలు వేయడం ఆయన పద్ధతి. అదే పంచనామా. మా వాకిట్లో కూడా అదే పెట్టారు, కాగితం ఒక్కటే లేదు. "కాగితం వద్దు, కండ్లు చాలు," అన్నారు. పంచులను ఆయనే ఎంచారు. అవ్వ మీద ఎవరు గట్టిగా నోరు చేసుకున్నారో కనుక్కుని, సరిగ్గా వాళ్లనే ఎంచారు. అవ్వను తీసుకొచ్చి వాకిట్లో పీట మీద కూర్చోబెట్టారు. "ఈ పని అయ్యేదాంక గీమెను ఎవలు ముట్టొద్దు. గీమె నా సాక్షి," అన్నారు.

కారును విప్పుతానంటే నాకు భయం వేసిందని దాచను. ఉద్యోగంలో ఉండగా ఆఫీసు జీపు అడవిదారిలో చెడితే తానే బాగుచేసుకునేవాణ్నని చెప్పేవారు. అది కూడా మేం విన్నదే, చూసింది కాదు. "అన్నా, మళ్ల బిగించుడు ఎరుకేనా?" అని అడిగాను.

"విప్పినంక ఎరుకైతది చెల్లె," అన్నారు. నాకు ధైర్యం చెప్పే విషయంలో ఆయన ఎప్పుడూ అంతే.

కోడలు పానాలు అందిస్తుంటే, ఆయన కారు లోపల వెల్లకిలా పడుకుని, కాళ్లు బయటికి చాపి, డ్యాష్‌బోర్డు కింది మరలు ఒక్కొక్కటే తీశారు. తీసిన ప్రతి మరనూ నా ముగ్గుగిన్నెలో వేశారు. రేకు మూత ఊడి వచ్చింది. దాని వెంట మా కాపురంలో పోయినవన్నీ రాలాయి. ఒక దువ్వెన, నా కళ్లజోడు పెట్టె, మా ఆయన కలం. వాటి వెనకే ఎండి నల్లబడ్డ నిమ్మకాయ ఒకటి దొర్లుకుంటూ వచ్చి, సేటు చెప్పుల దగ్గర ఆగింది.

వాకిలంతా కలకలం రేగింది. "నిమ్మకాయ! నిమ్మకాయ!" అవ్వ పీట మీంచి లేచి, గోడకు అతుక్కుపోయింది. "నేను కాదు బాంచెన్, నేను పెట్టలే," అంటూ రెండు చేతులూ వెనక దాచుకుంది. వెనకనుంచి ఎవరో ఒక అడుగు ముందుకేశారు.

మా వియ్యంకుడు కారు లోంచి తలైనా బయట పెట్టలేదు. లోపలినుంచే అడిగారు, "సేటూ, పోయిన దసరాకు నీ స్కూటర్‌కు పూజ చేసినవా?"

"చేసిన. ఎవలు చెయ్యరు?"

"నిమ్మకాయ ఏడ పెట్టినవు?"

సేటు తల దించి చెప్పుల దగ్గరి నిమ్మకాయను చూశాడు.

"సీటు కింద డబ్బాల పెట్టిండు. ఇంక గాడనే ఉన్నది," అంది సేటు భార్య, ఆడవాళ్ల గుంపులోంచి.

"గీ నిమ్మకాయ నేను పెట్టిన నాయినా, దసరా నాడు," అంది మా కోడలు. ముందుకేసిన అడుగు వెనక్కి పోయింది. ఒక మనిషి ప్రాణం ఎంత సన్నటి దారం మీద నిలబడి ఉంటుందో ఆ క్షణంలో చూశాను. విన్నది కాదు, చూసిందే.

కాసేపటికి ఆయన లోపలి నుంచి ఒక వస్తువు పట్టుకుని బయటికి వచ్చారు. చిన్న రేడియేటరే, పిల్ల రేడియేటర్ అనుకోండి. పలక అంత ఉంది. ఇంజను నుంచి రెండు రబ్బరు గొట్టాలు ఇనుప గోడకున్న బెజ్జాల్లోంచి దాని దగ్గరికి వస్తాయి. ఒక దాంట్లో మరిగే నీళ్లు వస్తాయి, రెండో దాంట్లో తిరిగిపోతాయి. మధ్యలో గాలి కొడితే కారు లోపల వెచ్చగా ఉంటుంది. "హీటర్. చలి దేశంల తిరిగిన బండి గదా. మీకు అక్కర లేకున్నా నీళ్లు మాత్రం దీంట్లకు వస్తనే ఉన్నయి," అన్నారు. మాకు పనికిరాని మీటలు దానివే.

తర్వాత మా ఇంట్లో బట్టలు నానబెట్టే టబ్బు అడిగారు. చాయ్ దుకాణం నుంచి సైకిల్ పంపు వచ్చింది. ట్యూబు పంక్చరు చూసినట్టు, ఆ పిల్ల రేడియేటర్ ఒక మూతి మూసి, నీళ్లలో ముంచి, రెండో మూతి నుంచి గాలి కొట్టాలి. "సేటూ, నువ్వు పట్టుకో. నేను పట్టుకుంటే నా చేతిల మంత్రమున్నదంటరు."

సేటు తెల్లధోవతి ఎగ్గట్టి, వంగి దాన్ని ఎత్తాడు. అందులో మిగిలిన ఎర్రనీళ్లు భళుక్కున ఆయన ధోవతి మీద పడ్డాయి. మోకాలి నుంచి మడమ దాకా దిష్టినీళ్ల ఎరుపు. సేటు తన ధోవతి వైపు చూసుకున్నాడు, గోడ దగ్గరున్న అవ్వ వైపు చూశాడు. ఆమె చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. ఆయన దాన్ని టబ్బులో ముంచాడు. పంపు కొట్టగానే మూల నుంచి బుడగలు బుడబుడా వచ్చాయి. వేలు పెట్టి ఆ చోటు తడిమి, "గీడ పగిలింది," అన్నాడు చిన్నగా.

అద్దం మీది పొగ సంగతి కూడా అక్కడే తేలింది. మరిగే నీళ్లు లోపల కారితే ఆవిరి కాక ఏమవుతుంది?

గుంపు విడిపోయింది. మా ఆయన హమ్మయ్య అని, రెండు గొట్టాలనూ ఒకదానితో ఒకటి కలిపేసి, హీటర్‌ను అవతల పారేయమన్నారు. సిద్దిపేటలో హీటర్ ఎవడికి కావాలి? నిజమే. బస్టాండు దగ్గర ఏ మెకానిక్ అయినా ఆ పనే చేస్తాడు. మా వియ్యంకుడు ఒప్పుకోలేదు.

"గొట్టాలు కలిపి మూస్తే, 'వియ్యంకుడు మంత్రం కట్టేసిండు' అంటరు బావా. మంత్రమున్నట్టే మిగులతది. గదే జాగల గట్లాంటిదే పెట్టాలె. దాంట్ల నీళ్లు తిరగాలె. కింద పట్ట పొడిగుండాలె." అవ్వ కూర్చున్న వసారా వైపు చూపు తిప్పి, "ఊరి అనుమానం తేలింది. గామెది తేలలే," అన్నారు.

నిజం. సేటు ధోవతి ఎర్రబడటం కూడా తన చేతి మహిమేనేమోనని అవ్వ ఆ రోజంతా వణుకుతూనే ఉంది.

హైదరాబాద్‌లో పాత సామాన్ల బజారుకు పోయి అలాంటి పిల్ల రేడియేటర్ ఒకటి తెచ్చారు. తెచ్చినదాన్ని మా టబ్బులో ముంచి గాలి కొడితే బుడగలు. నేను అయ్యో అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూసినవా చెల్లె? వాడు ఒట్టేసి ఇచ్చిండు. ఒట్టేసినప్పుడే అనుకున్న," అన్నారు. నమ్మి మోసపోతే మనకు బాధ. అనుమానించి మోసపోతే ఆయనకు పండగ. మళ్లీ బస్సెక్కిపోయి మరొకటి తెచ్చారు. ఈసారి ఆ బజారులోనే ఎవరి టబ్బో అడిగి ముంచి చూశారట. మా ఇంట్లో ఇంకోసారి ముంచారు.

బిగించడానికి విప్పినదానికంటే ఎక్కువ సేపు పట్టింది. పాత పసుపంతా పోయేదాకా ఇంజనులోకి నీళ్లు పోసి వదిలారు, పోసి వదిలారు. గొట్టాలు కొత్తవి, క్లిప్పులు కొత్తవి. ఎప్పుడో తెగిపోయిన ఫ్యాను తీగను కూడా మీటకు కలిపారు. చివరికి నింపడానికి బోరునీళ్లు వద్దు, తాగే నీళ్లు కావాలన్నారు. మంచినీళ్లు దూరం నుంచి మోసుకొచ్చే రోజులవి. "మనుషులకే లేవు, కారుకు మంచినీళ్లా?" అని నేను పేచీ పెట్టాను. అవ్వ లేచి బిందె తీసుకుని నీళ్లకు పోయింది. ఆమె తెచ్చిన నీళ్లే పోశాం. పోసేటప్పుడు, "నా చేతి నీళ్లు పోస్తే ఏమన్నయితదేమో బాంచెన్," అంది. "అయితే చూస్తం," అన్నారాయన.

ముగ్గుగిన్నెలో ఒక మర మిగిలింది. అది ఎక్కడిదో ఆయనకూ తెలియదు. ఆ కారు అమ్మేదాకా ఆ మర విషయంలో ఆయన మీద నా అనుమానం పోలేదు.

ఆయన మాటల్లో నాకు మిగిలింది ఇది. "మనుషుల మీద అనుమానం ఆఖర్ల పెట్టుకోవాలె చెల్లె. ముందుగాల నీళ్లను అడుగు, గొట్టాన్ని అడుగు, తాళాన్ని అడుగు. గవన్ని జవాబు చెప్పినంక గూడ ఇంక అనుమానముంటే, అప్పుడు మనిషి దిక్కు చూడు." ఇదే మాట వేరేవాళ్లు చెబితే నీతిబోధ అని కొట్టిపారేసేదాన్ని. ఈయన నా చాయ్‌ను వాసన చూశారే గానీ, ఏనాడూ నన్ను అనుమానంగా చూడలేదని అప్పుడు తట్టింది.

మంచు కురిసే ఒక చలికాలం పొద్దున కారు బయటికి తీశారు. సేటూ మిగతా పంచులూ వచ్చి నిలబడ్డారు. పట్టా మీద తెల్లబట్ట పరిచి చూపిద్దామని నేనన్నాను.

"బట్టను మార్చిన్రంటరు. మనిషి కాళ్లను ఎట్ల మారుస్తరు?" అని, ముందు ఎడమ తలుపు తీసి పట్టుకున్నారు. "అవ్వా, ఎక్కు."

"నేనా? నేనెక్కితే బండికి ఏమన్నయితే?"

"ఏమన్నయితే అందరికి అయితది. నేను గూడ ఎక్కుతున్న గదా."

ఆమె ఎప్పుడూ కారెక్కలేదు. ఎక్కి, కాళ్లు కింద పెట్టక సీటు మీదకు ముడుచుకుని కూర్చుంది. నడిపేది మా ఆయన. వెనక వియ్యంకుడూ, నేనూ. చింతమడక రోడ్డు మీద మంచు దట్టంగా ఉంది. నలుగురి ఊపిరికీ ముందు అద్దం తెల్లబడసాగింది. మా ఆయన చేతులు బిగుసుకున్నాయి. "మళ్ల గదే పొగ," అన్నారు. అవ్వ కళ్లు మూసుకుంది.

వెనకనుంచి మా వియ్యంకుడు చేయి చాపి, ఆ పనికిరాని మీటను లాగారు. గుర్రుమని చప్పుడైంది. అద్దం కింది అంచు నుంచి తెలుపు కరుగుతూ పైకి పోయింది. రోడ్డు కనిపించింది, రోడ్డు పక్కన వరికొయ్యలు కనిపించాయి.

"అమ్మో, కింద ఎవలో ఊదుతున్నరు!" అంది అవ్వ.

"ఎవలు లేరు. ఇంజను వేడి. కాళ్లు పెట్టి చూడు."

ముందు ఒక కాలు దించింది. తర్వాత రెండోది. కాసేపు ఆ వెచ్చటి గాలిని కాళ్లతోనే వింటున్నట్టు కూర్చుంది. కొంతదూరం పోయాక కుడిచేతిని కూడా కిందికి చాపి ఆ గాలిలో పెట్టింది, అటూ ఇటూ తిప్పింది. తిరిగి ఊళ్లోకి వచ్చేసరికి ఆమె తల అద్దానికి ఆనింది. ఎన్ని రాత్రులుగా కూర్చుని ఉందో ఆ మనిషి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది.

ఇంటి ముందు అందరూ కాచుకుని ఉన్నారు. మా ఆయన తాళంచెవి మీద చేయి వేయబోయారు. వెనకనుంచి వియ్యంకుడు ఆయన భుజం పట్టుకున్నారు.

"ఆపకు బావా. ఇంజనాగితే గాలాగుతది. అవ్వ లేస్తది."

సేటు ఎడమవైపు కిటికీ దగ్గరికి వచ్చి, అద్దానికి చేతులు అడ్డం పెట్టుకుని కిందికి చూశాడు. పొడిపట్టా మీద రెండు పాదాలు, మడమల పగుళ్లలో ముగ్గుపిండి. చాలాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, ముందుకు తోసుకొస్తున్న వాళ్లకు నోటి మీద వేలు పెట్టి చూపించాడు. మంచులో గల్లీ మొత్తం కదలకుండా నిలబడింది. కారు సన్నగా గుర్రుమంటోంది, లోపల అవ్వ గురక దాంతో కలిసిపోయింది, మా వియ్యంకుడి చేయి మా ఆయన భుజం మీద అలాగే ఉంది.